సాహెల్ దేశాల్లో విదేశీ కంపెనీల మీద ఉగ్రదాడులు: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 జులై 1న మాలీ దేశంలోని కాయెస్‌లో డైమండ్ సిమెంట్ ఫ్యాక్టరీ మీద సాయుధులు పడి ముగ్గురు భారతీయుల్ని ఎత్తుకుపోయారు. వాళ్లలో ఒకరు తెలుగువారు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి నల్గొండ, పల్నాడు వైపు సిమెంటు పనిలో ఉన్నవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు నాకు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. నేను సిమెంటు ప్లాంట్లలో మెకానికల్ వైపు పనిచేసినవాణ్ని. పశ్చిమ ఆఫ్రికాలో ఒక ప్లాంటు షట్‌డౌన్‌కి (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పటి పనికి) కూడా వెళ్లొచ్చాను. ఎవరు ఫోన్ చేసినా ఇంచుమించు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

సాహెల్ అంటే ఎక్కడ? అక్కడికి మనవాళ్లు ఎందుకు వెళ్తారు?

సహారా ఎడారికి దిగువన, ఆఫ్రికాకు అడ్డంగా పరుచుకున్న మెట్ట ప్రాంతమే సాహెల్. ఇక్కడ నేను చెప్పేది ముఖ్యంగా మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ గురించి. మాలీలోనూ బుర్కినాలోనూ బంగారం ఉంది, నైజర్‌లో యురేనియం ఉంది. రోడ్లు, కరెంటు, ఇళ్లు ఇంకా కట్టుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

సిమెంటు సంగతే తీసుకోండి. కిల్న్ అంటే సిమెంటు రాయి కాల్చే పెద్ద కొలిమి. దాని లోపల మెటీరియల్ 1,450 డిగ్రీల దాకా కాగాలి. లోపలి ఇటుక ఒకచోట అరిగిపోతే బయట ఉక్కు షెల్ అక్కడ ఎర్రబడుతుంది. కంట్రోల్ రూములో కూర్చున్న ఆపరేటర్ ఆ మచ్చను స్కానర్ మీద చూసి, మంట మార్చాలా, ఫ్యాను పెట్టి షెల్ చల్లార్చాలా, కిల్న్ ఆపేయాలా అని నిమిషాల్లో తేల్చుకోవాలి. తప్పు చేస్తే కోట్ల రూపాయల నష్టం. అలా చెయ్యి తిరిగిన మనిషి తయారవడానికి ఏళ్లు పడుతుంది. వాడపల్లి, మట్టంపల్లి, జగ్గయ్యపేట, మాచర్ల వైపు అలాంటివాళ్లు వీధికొకరు దొరుకుతారు. ఆఫ్రికా ప్లాంట్లకు కావాల్సింది వాళ్లే. ఇక్కడ వచ్చే జీతానికి రెండింతలు, మూడింతలు చూపిస్తే పిల్లల చదువులున్న మనిషి ఆలోచిస్తాడు కదా.

దాడులు చేస్తున్నది ఎవరు?

ఎక్కువగా జేఎన్‌ఐఎం అనే గ్రూపు. పూర్తి పేరు జమాత్ నుస్రత్ అల్ ఇస్లాం వల్ ముస్లిమీన్. అల్ కాయిదాకు అనుబంధంగా ఉన్న నాలుగు గ్రూపులు 2017 మార్చిలో కలిసిపోయి దీన్ని పెట్టాయి. ఉత్తర మాలీకి చెందిన ఇయాద్ అగ్ ఘాలీ దీని నాయకుడు. మూడు దేశాల సరిహద్దులు కలిసేచోట ఇస్లామిక్ స్టేట్ సాహెల్ శాఖ కూడా బలంగా ఉంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి కూడా.

గొడవ మొదలైంది 2012లో. అంతకుముందు ఏడాది లిబియాలో గడాఫీ పడిపోయాక అక్కడి ఆయుధాలు దక్షిణానికి పారాయి. 2013లో ఫ్రెంచి సైన్యం దిగింది, 2022లో మాలీ నుంచి వెళ్లిపోయింది. ఐక్యరాజ్యసమితి శాంతి దళం 2023 చివర్లో సర్దుకుంది. ఈలోపు మూడు దేశాల్లోనూ సైనిక తిరుగుబాట్లు జరిగి, ఇప్పుడు అన్నిచోట్లా సైనిక ప్రభుత్వాలే ఉన్నాయి. రష్యా బలగాలు వచ్చాయి. ఇంతమంది వచ్చి వెళ్లినా, 2012లో ఉత్తరాన ఎడారి పట్టణాల్లో ఉన్న గొడవ 2025కి సెనెగల్ సరిహద్దు దగ్గరున్న కాయెస్ దాకా వచ్చేసింది.

ప్రభుత్వం మీద కోపముంటే ప్రభుత్వంతో తేల్చుకోవాలి. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లనేం చేసింది?

ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేవాళ్ల గొంతులో బాధ కూడా వినిపిస్తుంది. ఎందుకంటే మనవాడు వెళ్లింది రాజకీయానికి కాదు, నెలజీతానికి.

ఫ్యాక్టరీ, గని, టవర్ లైన్, హోటల్ ఇవన్నీ వాళ్ల లెక్కలో ప్రభుత్వానికి జేబులాంటివి. మాలీ ఎగుమతుల్లో సింహభాగం బంగారమే. గనులు ఆగితే సైన్యానికి జీతాలివ్వడం కష్టమవుతుంది. కాయెస్ ప్రాంతంలోనే పెద్ద బంగారు గనులున్నాయి. సెనెగల్ రాజధాని డకార్ నుంచి మాలీ రాజధాని బమాకోకు సరుకొచ్చే రోడ్డు కూడా ఆ వైపు నుంచే పోతుంది. ఆ ప్రాంతం మీద ఎందుకు కన్నేశారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

రెండోది వసూళ్లు. 2025 జూన్‌లో జేఎన్‌ఐఎం ఒక ప్రకటన చేసింది. మాలీలో పనిచేసే విదేశీ కంపెనీలు, ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లు తమ అనుమతి తీసుకోవాలని, లేకపోతే దాడులు తప్పవని చెప్పింది. ఈ అనుమతి అంటే ఏమిటో మన తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. అడవి ప్రాంతాల్లో రోడ్డు కాంట్రాక్టరు నక్సలైట్లకు పార్టీ ఫండ్ ఇవ్వకపోతే పొక్లెయిన్లు, టిప్పర్లు తగలబెట్టిన రోజులు చూసినవాళ్లం. 2001 అక్టోబరులో అమెరికా అఫ్గానిస్థాన్ మీద బాంబులు వేస్తుంటే, గుంటూరు జిల్లా ఆత్మకూరులో కోకాకోలా ప్లాంటు మీద నక్సలైట్ల పీపుల్స్‌వార్ గ్రూపు దాడి చేసింది. కాబూల్‌లో పడిన బాంబుకు మంగళగిరి పక్కన కూల్‌డ్రింకు ఫ్యాక్టరీలో ప్రతీకారం. సిద్ధాంతాలు వేరు, దేశాలు వేరు. విదేశీ పేరున్న గేటు కనిపిస్తే దాన్ని బోర్డులా వాడుకుని ప్రపంచానికి కబురు పంపడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మూడోది పేరు. ఊళ్లో పోలీస్ ఠాణా మీద పడితే ఆ వార్త ఆ దేశం దాటదు. విదేశీ ఇంజినీరును ఎత్తుకెళ్తే ఢిల్లీ, బీజింగ్, పారిస్ కదులుతాయి.

2025 సెప్టెంబరు నుంచి వాళ్లు ఇంకో అడుగు వేశారు. సెనెగల్, ఐవరీ కోస్ట్ నుంచి వచ్చే పెట్రోలు ట్యాంకర్లను రోడ్ల మీదే ఆపి తగలబెట్టారు. మాలీకి సముద్రం లేదు, ఇంధనమంతా ట్యాంకర్లలోనే రావాలి. బమాకోలో బంకుల ముందు లైన్లు పెరిగి పెరిగి, అక్టోబరు చివర్లో దేశమంతా స్కూళ్లు రెండు వారాలు మూసేశారు. ఒక్క ఫ్యాక్టరీ గేటు దాటకుండానే అన్ని కంపెనీల గొంతూ నొక్కినట్టయింది.

ఇది మతం కోసమా, డబ్బు కోసమా?

రెండూ ఉన్నాయి. పైనున్నవాళ్లు మతం పేరుతోనే మాట్లాడతారు, పట్టున్న ఊళ్లలో వాళ్ల చట్టం అమలు చేస్తారు. కింద తుపాకీ పట్టుకున్న కుర్రాడి కథ వేరుగా ఉండొచ్చు. పశువుల మేత భూమి పోయింది, సైన్యం వచ్చి ఊళ్లో మనుషుల్ని చంపింది, పని లేదు, గనిలో బంగారం పోతుంది కానీ ఊరికి బోరు రాలేదు, ఇలాంటివి. ఈ కష్టాలు నిజమే. అయినా సిమెంటు ప్లాంటులో షిఫ్టు చేస్తున్న మనిషిని ఎత్తుకెళ్లడానికి అవి సమర్థన కావు. నేను ఈ రెండు మాటలూ ఎప్పుడూ కలిపే చెప్తాను.

భారతీయుల్నే లక్ష్యంగా పెట్టుకున్నారా?

అలా అనడానికి నాకు ఆధారం కనిపించదు. చైనా వాళ్లు, ఎమిరేట్స్ వాళ్లు, యూరప్ వాళ్లు అందరూ చిక్కారు. 2015 నవంబరు 20న బమాకోలో రాడిసన్ బ్లూ హోటల్ మీద దాడి జరిగినప్పుడు చనిపోయినవాళ్లలో చైనా రైల్వే కంపెనీ పెద్దలు ముగ్గురున్నారు. అదే హోటల్లో ఉన్న ఇరవై మంది భారతీయులు క్షేమంగా బయటపడ్డారు. ఇప్పుడు మన పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయంటే, మారుమూల సైట్లలో మనవాళ్లు ఎక్కువగా ఉండటం వల్లే. ఫ్రెంచివాళ్లు తగ్గిపోయారు, పని ఆగలేదు, ఆ ఖాళీల్లోకి మనం వెళ్లాం.

కరెంటు లైన్ల పనికి వెళ్లినవాళ్లే మళ్లీ మళ్లీ ఎందుకు దొరుకుతున్నారు?

ఈ మాట గమనించినవాళ్లు తక్కువ. వరసగా చూడండి. 2018 మేలో అఫ్గానిస్థాన్‌లోని బగ్లాన్‌లో ఏడుగురు భారతీయ ఇంజినీర్లు, విద్యుత్ లైన్ పని. 2025 ఏప్రిల్‌లో నైజర్‌లో జార్ఖండ్‌కు చెందిన ఐదుగురు, లైన్ పని. అదే ఏడాది జులై 15న నైజర్‌లోని దోసో ప్రాంతంలో ఇద్దరు భారతీయుల్ని చంపి ఒకర్ని ఎత్తుకెళ్లారు, అదీ లైన్ పనే. నవంబరులో పశ్చిమ మాలీలోని కోబ్రి దగ్గర ఐదుగురు, వాళ్లూ విద్యుదీకరణ పనివాళ్లే.

ఫ్యాక్టరీకి గోడ ఉంటుంది, గేటుంటుంది. లైన్ పనికి గోడ కట్టలేరు. ఇవాళ ఇక్కడ టవర్ పునాది, వచ్చే వారం పది కిలోమీటర్ల అవతల ఇంకోటి. వైరు లాగే గ్యాంగు పని ఎక్కడుంటే అక్కడే మకాం వేస్తుంది. ఎప్పుడు ఎటు వెళ్తారో టవర్ల వరస చూసి ఎవరైనా చెప్పేయొచ్చు. కాబట్టి ట్రాన్స్‌మిషన్ పని అని చెప్పారంటే, నగరం పేరు కాదు, లైన్ ఎక్కణ్నుంచి ఎక్కడికో మ్యాపులో చూపించమని అడగండి.

పెద్ద కంపెనీ, మిలిటరీ కాపలా ఉందంటున్నారు. ఇంకేం భయం?

దీనికి రెండు ఘటనలు చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదవండి.

2013 జనవరి 16, ఇంకా తెల్లవారలేదు. అల్జీరియా తూర్పున, లిబియా సరిహద్దుకు దగ్గర్లో ఇన్ అమెనాస్ గ్యాస్ ప్లాంటు ఉంది. బీపీ, నార్వేకు చెందిన స్టాటాయిల్, అల్జీరియా ప్రభుత్వ సంస్థ సోనాట్రాక్ కలిసి నడుపుతున్నాయి. విమానాశ్రయానికి బయల్దేరిన ఉద్యోగుల బస్సు మీద మొదట కాల్పులు జరిగాయి. తర్వాత సాయుధులు ఇళ్లున్న క్యాంపులోకి, ప్లాంటులోకి వేర్వేరుగా దూసుకెళ్లారు. గేటు దగ్గరున్న అల్జీరియా గార్డు అలారం మోగించాడు. ఆ చప్పుడుకు చాలామంది గదుల్లో తలుపులేసుకుని దాక్కోగలిగారు. ఆ గార్డును వాళ్లు కాల్చి చంపేశారు. అల్జీరియా సైన్యం బేరాల్లేవంటూ చుట్టుముట్టింది. బందీల్ని ఎక్కించుకుని కదిలిన వాహనాల మీద హెలికాప్టర్ల నుంచి కాల్పులు జరిగాయి. నాలుగు రోజుల్లో ప్లాంటు మనుషులు 40 మంది చనిపోయారు, అందులో పదిమంది జపాన్ వాళ్లు. దీన్ని నడిపించింది మొఖ్తార్ బెల్‌మొఖ్తార్, సాహెల్‌లో ఏళ్లుగా కిడ్నాపులు చేయించిన మనిషి. ఆ ఏడాదే స్టాటాయిల్ తన విచారణ నివేదిక బయటపెట్టింది. బయట సైన్యం ఉందన్న నమ్మకం మీదే కంపెనీలు అతిగా ఆధారపడ్డాయని, సరిహద్దు కాపలా దాటి ఇంత పెద్ద గుంపు వస్తే ఏమిటన్నది ప్లాంటు లోపలి భద్రతలో ఆలోచించలేదని అందులో ఒప్పుకుంది.

రెండోది 2019 నవంబరు 6, బుర్కినా ఫాసోలో బుంగు బంగారు గని రోడ్డు. కెనడా కంపెనీ సెమాఫో ఉద్యోగులతో ఐదు బస్సులు వెళ్తున్నాయి, ముందు సైన్యం వాహనం ఉంది. ఆ వాహనం కింద బాంబు పేలింది. తర్వాత బస్సుల మీద కాల్పులు. కనీసం 37 మంది చనిపోయారు. అంతకుముందు ఏడాది కూడా ఆ దారిలో దాడులు జరిగాయి. ఆ 2018 దాడుల తర్వాత విదేశీ సిబ్బందిని హెలికాప్టర్‌లో తిప్పారు, స్థానికుల్ని మాత్రం రోడ్డు మీదే పంపారు. ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ప్లాంటులో నా పక్కన పనిచేసిన స్థానిక ఫిట్టర్లు గుర్తొచ్చారు. మొదట ఫ్రెంచిలో, తర్వాత సైగల్లో, చివరికి నవ్వుల్లో మాట్లాడుకుని పని చేసినవాళ్లం. ఈ దాడుల్లో అందరికన్నా ఎక్కువ చనిపోతున్నది వాళ్లే. వాళ్ల పేర్లు మన టీవీల్లో రావు.

సైన్యం పక్కనున్నంత మాత్రాన ధైర్యంగా ఉండలేం. దోసోలో కూడా దాడి మొదలైంది పని దగ్గర కాపలా ఉన్న సైనికుల మీదేనని వార్తలొచ్చాయి. ఇక్కడ సైన్యమే మొదటి లక్ష్యం. దాని పక్కన నిలబడినవాళ్లకు రెండో దెబ్బ. ఎక్కువ ప్రమాదం ప్లాంటు లోపల కన్నా రోడ్డు మీద ఉంటుంది. క్యాంపుకీ పనిచోటుకీ మధ్య, సైటుకీ విమానాశ్రయానికీ మధ్య.

నేను వెళ్లినప్పుడు ఏజెంటు క్యాంపు ప్లాంటు లోపలే అన్నాడు. వెళ్లి చూస్తే పద్నాలుగు కిలోమీటర్ల దూరం. రోజూ పొద్దున 5.40కి అదే బస్సు, అదే దారి, అదే డ్రైవరు. మా గ్యాంగులో ఎవరికీ అది తప్పని తట్టలేదు, నాతో సహా. అదృష్టం బాగుండి ఏమీ జరగలేదు. ఇన్ అమెనాస్ గురించి వివరంగా చదివాక ఆ బస్సు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రాజధానిలో ఆఫీసు ఉద్యోగమైతే?

సైటు కన్నా నయం. కానీ 2024 సెప్టెంబరు 17న బమాకోలోనే జెండర్మేరీ (సైనిక పోలీసు) శిక్షణ కేంద్రం మీద, విమానాశ్రయం మీద దాడి జరిగి పదుల సంఖ్యలో చనిపోయారు. ఆఫీసు ఉద్యోగం అని తీసుకెళ్లి నెలకోసారి సైటుకు పంపడం కూడా మామూలే. ఆ సంగతి ముందే అడగండి.

ఈ దేశాలకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదట. అంటే ప్రమాదం లేదనే కదా?

ఇది చాలామంది పడే పొరపాటు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు ఉన్నవాళ్లు, అంటే ముఖ్యంగా పదో తరగతి పాస్ కానివాళ్లు, 18 దేశాలకు పనికి వెళ్లాలంటే క్లియరెన్స్ కావాలి. గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇరాక్, లిబియా, యెమెన్ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మాలీ, నైజర్, బుర్కినా లేవు. ఆ జాబితా పుట్టింది కూలి మోసాలు ఆపడానికి. అందులో పేరు లేకపోవడం భద్రతకు సర్టిఫికెట్ కాదు.

జరిగేది ఏమిటంటే, ఈ దేశాలకు వెళ్లినవాళ్ల వివరాలు ప్రభుత్వం దగ్గర సరిగా ఉండవు. ఏదైనా జరిగినరోజు ఎంబసీ మొదట తెలుసుకోవాల్సింది అక్కడ మనవాళ్లు ఎంతమంది, ఎక్కడ అన్నదే. అందుకే దిగిన వారంలోపే ఎంబసీలో పేరు రాయించుకోండి. బమాకోలో, నైజర్ రాజధాని నియామేలో మనకు రాయబార కార్యాలయాలున్నాయి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో పేరు కొట్టి చూడండి. చట్టం ప్రకారం సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగితే అక్కడే ఆగిపోండి.

సంతకం పెట్టేముందు ఏమేం అడగాలి?

జీతం గురించి మీరెలాగూ అడుగుతారు. నేను చెప్పేది మిగతావి. సైటు ఉన్న ఊరి పేరు, జిల్లా పేరు. క్యాంపు నుంచి పనిచోటుకు ఎన్ని కిలోమీటర్లు, ఎలా తీసుకెళ్తారు, టైము రోజూ ఒకటేనా మారుస్తారా. గత రెండేళ్లలో ఆ రోడ్డు మీద ఏమైనా జరిగిందా. రాత్రి షిఫ్టులో ప్లాంటులోనే పడుకునే వీలుందా. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది (మీ దగ్గరే ఉండాలి). పరిస్థితి చెడి నేను వెళ్లిపోతానంటే టికెట్ ఎవరిస్తారు, జీతం కోస్తారా. మీ పేరు మీద కాంట్రాక్టు అసలు కంపెనీదా, సబ్ కాంట్రాక్టరుదా.

ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ అన్నిటికన్నా బరువైంది. కష్టం వచ్చినరోజు ఎంబసీ ఎవరికి ఫోన్ చేయాలి, ఇంటికి జీతం ఎవరు పంపాలి, ఇన్సూరెన్సు ఎవరిది, అన్నీ దానిమీదే తేలతాయి. దుబాయ్‌లో రిజిస్టరైన ఒక కంపెనీ, ముంబైలో ఆఫీసున్న ఇంకో కంపెనీ, మాలీలో మూడో కంపెనీ ఉంటే, మాట్లాడే బాధ్యత ఒకరి మీంచి ఒకరు తోసుకుంటారు. ఆ మూడింటి మధ్య నలిగేది ఇంట్లో ఉన్న ఆడమనిషి.

ఇన్సూరెన్సు ఉంటుందా?

ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు వస్తాయి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ఈసీఆర్ దేశాలకు క్లియరెన్స్‌తో వెళ్లేవాళ్లకు ఇది తప్పనిసరి. ఈ పేజీలో చెప్పుకుంటున్న దేశాలకు ఎవరూ అడగరు కాబట్టి చాలామంది దగ్గర ఉండదు. కంపెనీ ఇచ్చే పాలసీ ఉంటే కాగితం తీసుకుని యుద్ధం, ఉగ్రవాదం, కిడ్నాప్ అనే మాటలు ఏ పేరాలో ఉన్నాయో చూడండి. వర్తించనివి అనే పేరాలో ఉంటే ఆ పాలసీ మీకు అక్కరకు రాదు. ఇక్కడ తీసుకున్న టర్మ్ పాలసీ ఉంటే, విదేశంలో పనికి వెళ్తున్నట్టు ముందే రాతపూర్వకంగా చెప్పి జవాబు దగ్గర పెట్టుకోండి.

అయితే వెళ్లొద్దంటారా?

2025 నాటికి ఉన్న పరిస్థితిని బట్టి మాలీ, బుర్కినా, నైజర్‌లలో రాజధాని బయట సైటు పనికి మా ఇంట్లోవాళ్లెవరినీ నేను పంపను. అడిగినవాళ్లకూ అదే చెప్తున్నాను. ఇక్కడ ఈఎంఐలు, అమ్మాయి పెళ్లి, ప్లాంటులో ఆగిపోయిన జీతాలు, ఇవన్నీ నాకు తెలుసు. పశ్చిమ ఆఫ్రికా అంతా ఒకటే కాదు. ఘనా, సెనెగల్, ఐవరీ కోస్ట్‌లలో కూడా సిమెంటు ప్లాంట్లున్నాయి, అక్కడ మనవాళ్లు కుటుంబాలతో ఉంటున్నారు. ఆ దేశాల్లోనూ ఉత్తర సరిహద్దుల వైపు జాగ్రత్త అవసరం. ఆరు నెలలు ఆగి అక్కడి పని వెతుక్కోవడం నయం.

మావాడు ఇప్పటికే అక్కడ ఉన్నాడు. రాత్రి ఫోన్ ఎత్తకపోతే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మట్టంపల్లి నుంచి ఒకమ్మ ఇదే అడిగింది. "బాబూ, రెండు రోజులుగా ఫోన్ కలవట్లేదు, నేనెవరిని అడగాలి?" అని. ఆమె దగ్గర కొడుకు నంబరు తప్ప ఇంకే నంబరూ లేదు. కంపెనీ పేరు కూడా సగమే తెలుసు. ఆ కుర్రాడికేమీ కాలేదు, ఆ ఊళ్లో డీజిల్ అయిపోయి సెల్ టవర్ ఆగింది.

అందుకే ఇవాళే రాయించుకోండి. సైటు ఊరి పేరు, కంపెనీ పూర్తి పేరు, క్యాంపు బాస్ నంబరు, అక్కడే ఉన్న ఇద్దరు తోటి తెలుగువాళ్ల నంబర్లు, వాళ్ల ఇళ్ల నంబర్లు, ఎంబసీ ఎమర్జెన్సీ నంబరు. రోజూ మాట్లాడే టైము ఒకటి అనుకోండి, తప్పితే ఎన్ని గంటలు ఆగాలో కూడా అనుకోండి. అక్కడున్నవాళ్లు క్యాంపు ఫొటోలు, బస్సు ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు.

ఎత్తుకెళ్లారని ఫోన్ వస్తే మొదట ఏం చేయాలి?

ఎంబసీకి, కంపెనీకి చెప్పండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి, ఆ నంబరు జాగ్రత్త. స్థానిక ఎమ్మెల్యే, ఎంపీ, కలెక్టరు ద్వారా కూడా ఢిల్లీకి ఒత్తిడి తేవాలి. ఆంధ్రావాళ్లకు ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ ఉంది, తెలంగాణవాళ్లకు ప్రభుత్వ ఎన్‌ఆర్‌ఐ విభాగం ఉంది.

ఇంట్లోంచి మాట్లాడేది ఒక్కరే ఉండాలి. బావమరిది ఒకటి, తమ్ముడు ఇంకొకటి చెప్తే పని చెడుతుంది. ప్రతి ఫోన్ కాల్ తేదీ, టైము, అన్న మాటలు నోటుబుక్‌లో రాయండి. అతని నంబరుకు రీచార్జి ఆపొద్దు. టీవీవాళ్లు వస్తే ప్రభుత్వం కదలమని అడగండి, అందులో తప్పు లేదు. ఆస్తులు, పొలం, జీతం, అతని ఆరోగ్యం గురించి మాత్రం నోరు విప్పొద్దు. ఆ వీడియో అక్కడ కూడా చూస్తారు. నాకు అక్కడ తెలిసినవాళ్లున్నారు, పది లక్షలిస్తే విడిపిస్తానని ఎవడో ఒకడు తప్పకుండా వస్తాడు. రూపాయి ఇవ్వకండి, ఆ నంబరు పోలీసులకు ఇవ్వండి.

డబ్బిస్తే వదిలేస్తారా? ఎవరిస్తారు?

చాలా కిడ్నాపులు డబ్బు దగ్గరే తేలతాయి. 2008 నుంచి 2014 దాకా అల్ కాయిదా అనుబంధ గ్రూపులకు కిడ్నాపుల మీద కనీసం 12.5 కోట్ల డాలర్లు అందాయని న్యూయార్క్ టైమ్స్ 2014లో లెక్కతేల్చింది, ఎక్కువభాగం యూరప్ నుంచి. అదే ఏడాది జనవరిలో ఐరాస భద్రతా మండలి 2133వ తీర్మానంలో డబ్బు ఇవ్వొద్దని దేశాల్ని కోరింది. ఇచ్చిన ప్రభుత్వాలేవీ ఇచ్చామని చెప్పవు. కుటుంబానికి ఇందులో చేసే పని లేదు, బేరం మీ చేతుల్లోకి తీసుకోకండి. ఇవ్వడం తప్పని, తమవాణ్ని వెనక్కి అడుగుతున్న తల్లితో నేను అనలేను. అలా ఇచ్చిన డబ్బుతోనే తర్వాతి బండి, తర్వాతి తుపాకీ వచ్చాయన్నదీ నిజమే.

ఎంతకాలం పడుతుంది?

చెప్పలేం. 2006 ఏప్రిల్‌లో అఫ్గానిస్థాన్‌లో ఒక హైదరాబాద్ టెలికాం ఇంజినీరును ఎత్తుకెళ్లి రెండు రోజులకే చంపేశారు. 2015 జులైలో లిబియాలోని సిర్తే దగ్గర పట్టుకున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులు 2016 సెప్టెంబరులో క్షేమంగా బయటపడ్డారు, పదమూడు నెలలు దాటాక. నైజర్‌లోని అర్లీత్ యురేనియం గని దగ్గర 2010లో దొరికిన ఫ్రెంచి ఉద్యోగుల్లో నలుగురు మూడేళ్లకు ఇల్లు చేరారు. 2014లో ఇరాక్‌లోని మోసుల్‌లో తప్పిపోయిన 39 మంది మన కూలీల విషయంలో, వాళ్లు లేరన్న మాట ఇళ్లకు తెలిసింది 2018 మార్చిలో. ఇన్ని రోజులైంది కాబట్టి ఇలా అయి ఉంటుందని ఊళ్లోవాళ్లు అంటారు. రోజుల లెక్కకూ ఫలితానికీ సంబంధం లేదు.

ఈలోపు ఇల్లు నడవాలి. బ్యాంకులో జాయింట్ అకౌంటు, ఇంటి కాగితాలకు పవర్ ఆఫ్ అటార్నీ, జీతం ఆపబోమని కాంట్రాక్టులో ఒక లైను, ఇవి వెళ్లేముందే చేసుకోవాల్సినవి.

ప్రాణాలతో ఉన్నట్టు రుజువు అడుగుతారట. అదేమిటి?

అవతలివాళ్ల దగ్గర నిజంగా మనవాడే ఉన్నాడా అని తేల్చుకోవడానికి, అతనికి మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి పంపుతారు. జవాబు సరిగా వస్తే ఉన్నట్టు. పుట్టినరోజు, భార్య పేరు లాంటివి పనికిరావు, అవి ఫోన్లోనే దొరుకుతాయి. అలాంటి ప్రశ్నలు రెండు మూడు ముందే రాసి కవర్లో పెట్టి ఇంట్లో ఉంచమని అడిగినవాళ్లందరికీ చెప్తున్నాను.

సెనెగల్ వెళ్తున్న మా మేనల్లుడికి కూడా చెప్పాను. వాడు నవ్వలేదు, కాసేపు ఆలోచించి కాగితం మీద రాశాడు. చిన్నప్పుడు తాత దగ్గరున్న ఎడ్ల జతలో ఎడమవైపు కట్టేదాని పేరేమిటి అని. జవాబు రాయలేదు. వాళ్లమ్మకు తెలుసన్నాడు. మా చెల్లెలు ఆ కవరు మడిచి బియ్యం డబ్బా వెనక, రేషన్ కార్డు పెట్టే చోట పెట్టింది.